లెమ్మన్ అంటే నిమ్మకాయ కాదు

"మాస్టారూ, ఈ పాటలో ఉన్నది నిమ్మకాయ కాదంటండీ, నిజమేనా?"

గురువారం సాయంత్రం డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా మా ఇంటికి వచ్చిన సెలీనా, ఒక కాగితాన్ని నా ముందు పెట్టి అడిగిన మొదటి మాట అది. కిందటేడు అక్టోబరు నెల. మస్కట్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో క్రిస్మస్ పాటల అభ్యాసం అప్పుడే మొదలైంది. గాయక బృందాన్ని నడిపే నోయెల్ అనే కుర్రవాడు, ఏటా పాడినవే పాడితే దేవుడికి కూడా విసుగు పుడుతుందని చెప్పి, ఎక్కడినుంచో ఒక పాత ఇంగ్లీషు భక్తిగీతాన్ని సంపాదించి అందరికీ పంచాడు. అందులో మనిషి ఆత్మ ప్రభువును 'నా లెమ్మన్' అని మూడుచోట్ల పిలుస్తుంది. మేముండే ఇబ్రా నుంచి మస్కట్‌కు వెళ్ళే దారంతా సెలీనా రెండు వారాలపాటు దాన్ని నిమ్మకాయగానే పాడుకుంది. అచ్చుతప్పు అనుకున్నదట.

"కాదని నిన్న నోయెలే చెప్పాడండీ. డిక్షనరీ చూశాడంట. ఉంచుకున్నది అని అర్థం ఉందంట అందులో. ఆ లైను కొట్టేయమని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. నాకేమో ఆ లైనే బాగుంటుందండీ. ట్యూను అక్కడే పైకి లేస్తుంది. నిజంగా అంత చెడ్డ మాటేనా అది?"

వంటింట్లోంచి మా ఆవిడ ఫేబా అందుకుంది. "అడిగావు కదా, ఇక కుర్చీ లాక్కో. గుక్కెడు నీళ్ళడిగితే గోదారి మళ్ళిస్తారు మీ మాస్టారు."

సెలీనాది నరసాపురం దగ్గర ఒక లంక గ్రామం. మిషను ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, ఇరవై నాలుగో ఏట ఒమాన్ వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఇబ్రాలోని ఆసుపత్రిలో, స్త్రీల వార్డులో పని. "ఇంట్లో పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా నాకు సెలవు దొరకలేదండీ, సెలవు దొరికినప్పుడల్లా పెళ్ళి మాట రాలేదు," అని తన జీవితాన్ని తానే రెండు వాక్యాలలో సంగ్రహించి చెబుతుంది. అర్ధవిరామం ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదని నమ్మే ఇక్కడి ముసలమ్మలకు సెలీనా అన్న పేరు నోరు తిరగక, సలీమా అని పిలుస్తారు. సలీమా అంటే అరబ్బీలో క్షేమంగా ఉన్నది అని అర్థం. పిలుపు వల్లనే క్షేమం కలిగేటట్టయితే ఆమె అంత క్షేమవతి ఈ సుల్తానుల దేశంలో మరొకరు ఉండరు.

ఫేబా అదే వార్డులో పెద్ద నర్సు. నేను ఇక్కడి బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పి విరమించి, ఇప్పుడు ఆమె వీసా మీద ఆధారపడి ఉంటున్నాను. వ్యాకరణంలో దీన్ని విశేషణం అంటారు. విశేష్యం లేనిదే దానికి నిలకడ లేదు.

సరే, లెమ్మన్ సంగతి. సెలీనాకు చెప్పినట్టే ఇక్కడా చెబుతాను.

ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందటి ఇంగ్లీషులో 'లెయోఫ్' అంటే ప్రియమైన అని అర్థం. 'మన్' అంటే మనిషి. ఆనాటి 'మన్' మగవాడే కానక్కరలేదు. తెలుగులో 'మనిషి' ఎలా ఆడవారికీ మగవారికీ చెల్లుతుందో అదీ అలాగే చెల్లేది. ఈ రెండూ కలిసి ఒక సమాసమై, ఫకారం మకారంలో కరిగిపోయి, 'లెమ్మన్' అయింది. భక్తి మన పల్లెనోట బత్తి అయినట్టు. మొగుడు పెళ్ళాన్ని పిలిచినా, పెళ్ళాం మొగుణ్ణి పిలిచినా, కన్నెపిల్ల తన మనసులోని వాణ్ణి తలచుకున్నా అదే మాట. లోకాన్ని విడిచి, రాతిగోడల గదుల్లో తమను తాము మూసుకుని ప్రార్థన చేసుకున్న సన్యాసినులు ప్రభువును సైతం ఆ మాటతోనే పిలిచారు. అంతకంటె దగ్గరి మాట వారి భాషలో వారికి కనిపించలేదు.

ఇక్కడొక చిన్న పక్కదారి. 'లెయోఫ్' అన్నదీ, ఇవాళ ప్రపంచమంతా వాడుతున్న 'లవ్' అన్నదీ ఒకే వేరు నుంచి పుట్టినవి. మన సంస్కృతంలోని లోభం కూడా ఆ వేరుదేనని భాషావేత్తలు అంటారు. ఒక ఇంట ప్రేమ అయింది, ఒక ఇంట పేరాశ అయింది. తోబుట్టువుల రాతలు అంతే.

లెమ్మన్‌కు పట్టిన గ్రహచారం మెల్లగా పట్టింది. చాటుమాటు ప్రేమలకు కూడా జనం ఆ మాటనే వాడసాగారు. వాడగా వాడగా చాటు మిగిలి, ప్రేమ జారిపోయింది. మరక మగవాడికి అంటలేదు, ఆడదానికే అంటుకుంది. నాలుగు శతాబ్దాలు గడిచేసరికి అది తిట్టేవారి నోళ్ళలోనూ, పాతదనం కోరే కవుల కలాల్లోనూ తప్ప ఎక్కడా లేదు. ఆ పైన నిఘంటువులో, వాడుక తప్పినది అన్న గుర్తు కింద పడుకుంది. దీన్ని అర్థాపకర్ష అంటారు. మనకూ ఉంది కదా. స్వామిని అన్న గొప్ప మాట సాని అయింది. దొర పక్కన నిలబడి దొరసాని అయినంతకాలం దానికి మర్యాద; ఒంటరిగా నిలబడిన నాడు అదే మాట ఏమైందో తెలుగువారికి చెప్పనక్కరలేదు.

"అయితే తప్పు మాటది కాదు కదండీ. వాడినవాళ్ళది," అంది సెలీనా.

"అంతేనమ్మా. పైగా చచ్చిన మాటలన్నీ చచ్చినట్టు కాదు. ఒక చోట చచ్చింది మరొక చోట హాయిగా బతుకుతూ ఉంటుంది, మనం గుర్తుపట్టం అంతే. నువ్వు లెమ్మన్‌ను నిమ్మకాయ అనుకున్నట్టే, జగిత్యాల వైపు వెళితే నువ్వు మరో మాటనూ పొరబడతావు. పావురం అంటే నీకేమిటి?"

"పిట్ట."

"మన కోస్తాలో పిట్ట. వాళ్ళకు ప్రేమ. 'బిడ్డ మీద పావురం' అంటారు. 'పావురంగ పెంచుకున్నడు' అంటారు. దాని వ్యుత్పత్తి నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే అలవాటు బడితోనే వదిలేశాను. కానీ మాట మాత్రం..."

సెలీనా చేతిలోని టీ కప్పు బల్లకూ పెదవికీ మధ్య ఆగిపోయింది. ఆమె నన్ను చూడడం లేదు.

"మళ్ళీ చెప్పండి మాస్టారూ," అంది.

మళ్ళీ చెప్పాను. ఆమె కప్పు కింద పెట్టి, ఎడమ భుజం మీద చేయి వేసుకుంది. వంటింటి గుమ్మంలోకి ఫేబా వచ్చి నావైపు చూసింది, ఏం చేశారు అన్నట్టు. ఆ తరువాత సెలీనా చెప్పింది ఇది.

ఆరేళ్ళ కిందటి దాకా ఆసుపత్రిలో ఏసీలు బాగుచేసే కంపెనీ తరఫున ఓంకార్ అనే మెకానిక్ ఉండేవాడు. రాయికల్ మనిషి, జగిత్యాల దగ్గర. భార్య పోయి అప్పటికి చాలా ఏళ్ళు. ఒక్కతే కూతురు, అత్తవారింట ఉంది. స్త్రీల వార్డు కిటికీ బయట ఏసీ పెట్టె మీద పావురాలు గూడు కట్టాయి. తీసేయమని అతనికి రెండుసార్లు చీటీ వెళ్ళింది. రెండుసార్లూ వచ్చి, గూట్లో పిల్లలున్నాయని చూసి, రెక్కలు రానిమ్మని వెళ్ళిపోయాడు. ఏసీ మాటిమాటికీ ఆగేది, అతను మాటిమాటికీ వచ్చేవాడు. రెండేళ్ళలో పరిచయం పెరిగింది. ఆమె డ్యూటీ గదిలో టీ ఇచ్చేది. సెలవు మీద ఇంటికి వెళ్ళి వచ్చినప్పుడు అతను సకినాలు తెచ్చి ఇచ్చాడు.

"ఇవి మా జంతికలకు చుట్టాలా అండీ?" అని ఆమె అడిగింది.

"చుట్టం కాదు సిస్టర్, పెద్దక్క," అన్నాడతను. "నాకొకటి చెప్పున్రి. మీరు కోపమొచ్చి తిట్టినా గూడ అండి అనే అంటరా?"

"ఎప్పుడూ తిట్టలేదు కదండీ మిమ్మల్ని."

"అందుకే అడుగుతున్న. ఒక్కసారి తిట్టి సూపెట్టున్రి."

ఒక మధ్యాహ్నం అతను ఆ కిటికీ దగ్గర పని ముగించి, స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకునే నిలబడి, "సిస్టర్, ఒక్క మాట. శాన దినాల సంది చెప్పాలనుకుంటున్న. మీ మీద నాకు పావురం," అన్నాడు.

సెలీనా గబుక్కున ఎడమ భుజం దులుపుకుని, వెనక్కి తిరిగి చూసుకుని, "ఏదండీ? రెట్ట గానీ వేసిందా?" అంది.

అతను స్క్రూడ్రైవర్‌ను సంచిలో పెట్టుకున్నాడు. తరువాత, "లేదు సిస్టర్. ఎగిరిపాయె," అన్నాడు.

నాలుగు నెలలకు కంపెనీ అతన్ని సోహార్ సైట్‌కు మార్చింది. వెళ్ళే రోజు వార్డు గుమ్మం దాకా వచ్చి, పోయొస్త సిస్టర్ అన్నాడు. దేవుడు మిమ్మల్ని దీవించును గాక అని ఆమె అంది. ఆ పైన ఏటా క్రిస్మస్‌కు అతని దగ్గరనుంచి ఒక మెసేజ్ వచ్చేది, ఆమె నుంచి ఒకటి వెళ్ళేది.

"ఆయన ఏమైనా అంటారేమోనని రెండేళ్ళు చూశానండీ," అంది సెలీనా. "ఏమీ అనలేదనుకున్నాను."

నలభై ఏళ్ళు మాటల అర్థాలు చెప్పి బతికినవాణ్ణి. ఆ సాయంత్రం లేచి, ఆమె చల్లారిన టీని వేడి చేసి తెచ్చాను.

మరునాడు శుక్రవారం ఆమెకు డ్యూటీ ఉంది. నా మాట మీద నమ్మకం లేక కాదు గానీ, నోటితో వాడేవారిని అడగాలనిపించి, వార్డు తుడిచే కమలవ్వను అడిగిందట. కమలవ్వదీ రాయికల్ పక్క ఊరే.

"పావురమంటె పావురమే సిస్టర్, ఇంకేముంటది," అంది కమలవ్వ. "మా అవ్వకు నా మీద ఉండె. మా ఆయనకు లేకుండె. ఎవలన్నరు మిమ్ముల?"

సెలీనా పేరు చెప్పింది.

"ఓంకారన్ననా. గాయన రేపు ఇంటికి పోతున్నడు గద. వీజ కాన్సిలైంది. మా మరిది గదే క్యాంపుల ఉంటడు. మూడు గొట్టంగ కంపెనీ బస్సు, ఆన్నుంచి మస్కట్, ఆన్నుంచి విమానం. మల్ల రాడు."

సాయంత్రంలోగా సెలీనా అతనికి ఐదుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చింది.

మెసేజ్ పెట్టమన్నాను. "ఏమని రాయమంటారండీ?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ప్రేమ అన్న మాట ఆమెకు వేదిక మీది బోధకుడిది, లేదంటే సినిమాది. వలపు పద్యాల్లోంచి దిగి రాదు. అనురాగం శుభలేఖలో అచ్చువేసుకునేది. ఇష్టం అంటే చేపల పులుసు కూడా ఇష్టమే. ఇక అతని మాటనే అతనికి తిరిగి పంపుదామంటే, ఆరేళ్ళ తరువాత ఫోన్ తెరమీద ఒంటరిగా ఆ మాట కనబడితే వేళాకోళం అనుకోడని ఏమిటి నమ్మకం?

"మాటలు మీరు వెతుకుతూ ఉండండి," అంది ఫేబా నాతో. "నేను పొద్దున్నే కారు తీస్తాను. సెలీనా, రేపటి నీ డ్యూటీ మార్పించాను. ఐదున్నరకు తయారుగా ఉండు."

"సోహార్ కంటే మనకు ఎయిర్‌పోర్టే దగ్గర కదా," అన్నాను. "అక్కడికే వెళ్ళి కలిస్తే..."

"ట్రాలీ తోసుకుంటూ లైన్లో నడిచే మనిషికి చెప్పే మాటా అది?"

కొండలు దాటి, మస్కట్ పక్కనుంచి తప్పించుకుని, బర్కా తరువాత కుడివైపున సముద్రం ఉన్నదని తెలుస్తూ కనబడకుండా సాగే ఆ బాట పట్టాము. ఖర్జూరపు తోటలు వచ్చాయి, పోయాయి. లివా అనే ఊరి పేరు బోర్డుల మీద కనిపించసాగినప్పుడు ఫేబా అడిగింది.

"మతం వేరు, ఊరు వేరు, భాష కూడా వేరేనని తేలిపోయింది. మనవాళ్ళు నిన్నేమంటారో ఆలోచించుకున్నావా?"

"ఏదో ఒకటి అంటారక్కా. ఇన్నేళ్ళూ పెళ్ళికానిది అంటున్నారు. అదేమైనా మంచి మాటా?"

"ఆయన ఆరేళ్ళ కిందటి మనిషి. ఇప్పుడు మనసులో ఏముందో."

"అదే కదక్కా అడగాలి," అంది. కొంత దూరం పోయాక, "అడిగితే చాలు," అంది.

సోహార్‌లో క్యాంపు గేటుకు ఎదురుగా ఒక మలయాళీ టీకొట్టు ఉంది. కమలవ్వ మరిది వెళ్ళి అతన్ని పిలుచుకొచ్చాడు. యాభై దాటిన మనిషి. జుట్టు సగం నెరిసింది. ప్రయాణం కోసం వేసుకున్న కొత్త చొక్కా మీద మడతలు ఇంకా పోలేదు. సెలీనాను చూసి ఆగిపోయాడు. తరువాత భుజం మీది తువాలుతో ఒక కుర్చీ తుడిచి, ఆమె కూర్చున్నాక తాను కూర్చున్నాడు. మేము పక్క బల్ల దగ్గర కూర్చున్నాము. వినకూడదనే కూర్చున్నాము, కానీ ఆ కొట్టు చాలా చిన్నది.

"మీరెందుకొచ్చిన్రు సిస్టర్, ఇంత దూరం?"

"ఫోన్ ఎత్తలేదు కదండీ."

"మీ పేరు సూసి భయమైంది. ఐదుసార్లు చేసిన్రు. పోయెటోనికి అన్నిసార్లు ఫోన్ జేస్తే మంచిమాట ఉంటదా?"

టీలు వచ్చాయి. ఇద్దరూ ముట్టుకోలేదు.

"ఆ రోజు కిటికీ దగ్గర మీరన్నది నాకు అర్థం కాలేదండీ," అంది సెలీనా. "మా వైపు అది పిట్ట. మొన్ననే తెలిసింది నాకు."

"పిట్టనా?"

"అవునండీ."

"అయితె మీరు బుజం దులుపుకున్నది..."

"రెట్ట అనుకున్నానండీ."

ఓంకార్ నవ్వాడు. టీకొట్టు మనిషి కూడా తలెత్తి చూసేంత పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో మారి, తువాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "ఆరేండ్లు నేనేమనుకున్ననో ఎర్కనా సిస్టర్," అన్నాడు తువాలులోంచే. "నా మాటను దులుపుకున్నదనుకున్న."

"సిస్టర్ అనకండి."

అతను తువాలు తీసి ఏదో అనబోయి ఆగాడు. సంబోధనకు మన వ్యాకరణం నాలుగు మాటలు ఇచ్చింది: ఓ, ఓయి, ఓరి, ఓసి. నాలుగింటిలో ఒక్కటీ ఆ మనిషికి పనికిరాలేదు. సెలీనా అనడానికి నోరు రాలేదు, అమ్మా అనడానికి మనసు రాలేదు. చివరికి టీ గ్లాసును ఆమె వైపు కొంచెం జరిపాడు.

"అది ఇంకా ఉందాండీ, మీకు?" అని అడిగింది సెలీనా. ఏది అని ఆమె చెప్పలేదు.

"లేకుంటె ఫోన్ ఎత్తకపోదునా," అన్నాడు.

గడియారం పదకొండు దాటింది. అతనికి మూడింటికి బస్సు. వీసా రద్దయిన మనిషి ఒక్క రోజు కూడా ఆగడానికి లేదు. ఆ వయసువానికి కొత్త వీసా ఇచ్చే కంపెనీ దొరకదు. ఆమెకు కాంట్రాక్టు ఇంకా రెండేళ్ళు ఉంది. ఇద్దరికీ ఇవన్నీ తెలుసు. అయినా ఒకరికొకరు మెల్లగా చెప్పుకున్నారు, తెలియనివారికి చెప్పినట్టు.

"రెండేండ్లు మీరేం చేస్తరు?"

"డ్యూటీ చేస్తానండీ."

"నేనేం చెయ్యాలె?"

"ఫోన్ ఎత్తండి."

మూడింటి దాకా వారలాగే కూర్చున్నారు. ఫేబా నన్ను లేవదీసి, చేపల బజారు చూద్దామని తీసుకుపోయింది. ఎండలో రెండు గంటలు చేపలు చూశాము. తిరిగి వచ్చేసరికి బస్సు కదులుతోంది. కిటికీ పక్క ఓంకార్ కూర్చున్నాడు. సెలీనా చేయి ఊపలేదు. బస్సు మలుపు తిరిగాక కూడా రోడ్డు వైపే చూస్తూ, అక్కా, ఆయన చొక్కా జేబులోని పెన్ను తీసి నా చేతికి ఇచ్చేశారు, ఎందుకో తెలీదు, అంది.

క్రిస్మస్‌కు నోయెల్ ఆ లైను తీసేశాడు. అతన్ని తప్పుపట్టను. సంఘంలో పెద్దవాళ్ళుంటారు, నిఘంటువులు అందరి ఫోన్లలోనూ ఉంటాయి.

పది నెలలు గడిచాయి. ఇక్కడ సాయంత్రం ఆరు అంటే అక్కడ ఏడున్నర. పగటి డ్యూటీ ఉన్న రోజుల్లో సెలీనా ఫలజ్ కాలువ గట్టు వెంట నడుస్తూ మాట్లాడుతుంది. ఆమె మాటల్లో అప్పుడప్పుడు 'గట్లనే' అని వినబడుతోందనీ, అతను ఫోన్లో ఆమెను 'అండీ' అని పిలవడం మొదలుపెట్టాడనీ ఫేబా చెప్పింది. క్రియకు చేర్చవలసిన మర్యాదను పేరుగా వాడడం వ్యాకరణ విరుద్ధం. దిద్దడానికి నాకు మనసొప్పలేదు.

కిందటి వారం ఆమె మా ఇంటికి వచ్చి, "జగిత్యాల చుట్టుపక్కల నర్సులను తీసుకునే ఆసుపత్రులు ఎన్ని ఉన్నాయో కనుక్కోగలరా మాస్టారూ?" అని అడిగింది.

"ఓంకార్ అక్కడే ఉన్నాడు కదమ్మా. ఆయన్నే అడగరాదూ?"

"ఆయన్నడిగితే రేపే ఇంటికి సున్నం వేయించేస్తారండీ. ముందు మా అమ్మకు చెప్పాలి కదా."

"ఇంకా చెప్పలేదూ?"

"మొన్న ఆదివారం చెబుదామనే ఫోన్ చేశాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదండీ. అక్కడ వాన పడిందా అని అడిగాను. ఏమిటే, గొంతు అలా ఉంది, అంది అమ్మ." సెలీనా గడియారం చూసుకుని లేచింది. ఆరు కావస్తోంది. "జలుబు చేసిందన్నాను."